ఊపిరాడని గోడ

మొన్న ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక మా మనవరాలు నన్ను కార్‌లో ఎక్కించుకుని, డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల కొత్తగా కట్టిన క్లబ్‌హౌస్ చూపించడానికి తీసుకెళ్ళింది. "నాయనమ్మా, నీకు చాలా నచ్చుతుంది, ఓల్డ్ స్పానిష్ చర్చ్ లాగా కట్టారు" అని దారంతా ఒకటే సంబరం. దిగి చూద్దును కదా, గోధుమ రంగు గోడ, గోడ మీద గంట లేని గంటగోపురం, కప్పు కింద వరసగా బయటికి పొడుచుకొచ్చిన దూలాల కొసలు. ఆ దూలాలు దేన్నీ మొయ్యవు, బయట అంటించారంతే. వేలు మడిచి గోడ మీద కొడితే డొల్ల చప్పుడు. లోపల థర్మోకోల్ అట్ట, దాని మీద వల, వల మీద సిమెంటు పూత. లోపలికి వెళ్తే, మన పాత స్పానిష్ చరిత్రకు గౌరవంగా కట్టామని ఫలకం కూడా పెట్టారు. నా కడుపు మండిపోయింది. డెబ్బై దాటినదానివి, బీపీ ఉంది, కోపం వద్దని డాక్టరు చెప్పాడు గానీ, ఆ సిమెంటు పూత చూశాక ఎక్కడో అడుగున దాచిపెట్టుకున్న నలభై ఏళ్ళ కోపం మొత్తం పైకి తన్నుకొచ్చింది. మీలో నా ఈడు ఆడవాళ్ళు ఉంటే, నలుగురిలో మాట నోటిదాకా వచ్చి మింగినవాళ్ళు ఉంటే, మీతోనే చెప్పుకుంటాను.

డెబ్బై ఎనిమిదిలో మేం ఈ దేశం వచ్చినప్పుడు మనవాళ్ళంతా న్యూజెర్సీ అనీ షికాగో అనీ పోతుంటే, మా ఆయనకి మాత్రం న్యూ మెక్సికోలో రోడ్లు వేసే ఆఫీసులో ఇంజనీరు ఉద్యోగం దొరికింది. కొండల మధ్య చిన్న ఊరు, పేరెందుకు గానీ, తెలుగు మాట వినాలంటే నా గొంతే నేను వినాలి. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇంగ్లీషు అప్పటికి పదో పన్నెండో మాటలు. ఊళ్ళో సగం మంది మాట్లాడేది స్పానిష్ కాబట్టి ఆ పన్నెండూ కూడా పెద్దగా పనికి రాలేదు. మొదటి ఆదివారం పూజకని బయల్దేరాం. మా మార్కాపురం వైపు మేం చర్చిని గుడి అనే అంటాం, ఇప్పటికీ నా నోటికి అదే వస్తుంది. ఆ గుడి ముందు కారు దిగి నేను అక్కడే నిలబడిపోయాను. అది మట్టి గుడి. పొద్దుటి ఎండలో గోడలో కలిసిన గడ్డిపరకలు బంగారు పోగుల్లా మెరుస్తున్నాయి. ముందురోజు పడిన చినుకులకి ఆ గోడ నుంచి మా అమ్మ మెత్తిన గోడల వాసనే వస్తోంది. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన మాత్రం చుట్టూ ఒకసారి చూసి, "అమెరికా అమెరికా అని వస్తే ఇక్కడా మట్టి గోడలేనా" అన్నారు.

ఆ మాట ఎందుకన్నారో మీకు తెలియాలంటే మా సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మ ఊళ్ళో పెద్దోళ్ళ ఇళ్ళకి గోడలు మెత్తేది, మట్టి మిద్దెల మీద చౌడు పరిచేది. ఏ మట్టి గోడకి పనికొస్తుంది, ఏది మిద్దెకి పనికొస్తుంది అని చిటికెడు నాలిక మీద వేసుకుని చెప్పేది. ఉప్పగా ఉంటే చౌడు, అది మిద్దెకి. చప్పగా ఉండి పళ్ళకింద కరకరమంటే గోడకి. ఆమె మెత్తిన ఇళ్ళలోకి ఆమెని గడప దాటి రానిచ్చేవాళ్ళు కాదు, అది వేరే కథ. మా ఆయన వాళ్ళదీ మాలాంటి మట్టి ఇల్లే. ఆయన చిన్నప్పుడు ఒక వానకి గోడ కూలితే నెలరోజులు మిషన్ హాస్టల్ వరండాలో పడుకున్నారట, ఆ హాస్టల్లోనే చదువుకుని ఇంజనీరయ్యారు. ఆయనకి మట్టంటే మనల్ని కింద పెట్టిన వస్తువు, సిమెంటంటే మనం తలెత్తుకుని నిలబడ్డ చోటు. అందులో తప్పేం లేదు, నాకూ తెలుసు. కానీ ఒక మనిషికి తగిలిన దెబ్బ ఇంకొకరి గోడకి వైద్యం అయిపోతుందా?

ఆ గుడి కట్టి రెండు వందల ఏళ్ళు దాటిందనేవాళ్ళు. స్పెయిన్ దేశపు స్వాములు, అంటే ఫాదర్లు, మెక్సికో మీదుగా ఎడ్లబళ్ళ మీద గంటలూ పటాలూ మోసుకుంటూ వచ్చారట. వాళ్ళ తలల్లో వాళ్ళ ఊరి రాతి గుళ్ళు ఉన్నాయి, కాళ్ళ కింద చూస్తే మట్టి తప్ప ఏం లేదు. అందుకని గుడి నమూనా స్పెయిన్‌ది, ఒళ్ళు ఆ నేలది. ఆ నేల మీద ముందునుంచీ బతుకుతున్న వాళ్ళనీ ఇక్కడ ఇండియన్సే అంటారు, ఆ ఆడవాళ్ళకి గోడ మెత్తడం అప్పటికే చేతివిద్య. వాళ్ళు ఎంత భక్తితో మెత్తారో, ఎన్ని దెబ్బలకి భయపడి మెత్తారో ఎవరూ రాసి పెట్టలేదు. స్వాముల పేర్లు మాత్రం గోడమీద రాగిరేకులో ఉన్నాయి.

ఇవన్నీ నాకు చెప్పింది ఒక అవ్వ. ఆ ఊళ్ళో గుడి మెత్తే పనికి ఆమె పెద్ద. ఆమెకి స్పానిష్ తప్ప రాదు, ఆమె కోడలు బడిలో టీచరు కాబట్టి ఇంగ్లీషులోకి తిప్పేది, నేను దాన్ని తెలుగులోకి తిప్పుకునేదాన్ని. ఏటా జూన్ వస్తే ఊరంతా గుడి దగ్గర చేరుతుంది, మగవాళ్ళు మట్టి జల్లించి గుంటలో నీళ్ళు పోసి గడ్డి కలిపి తొక్కుతారు, ఆడవాళ్ళు నిచ్చెనలెక్కి అరచేతుల్తో మెత్తుతారు. మొదటి జూన్‌లో నేను చూడ్డానికని వెళ్ళి, అలవాటు కొద్దీ గుంటలోంచి చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాను. అదే క్షణంలో గుంటకి అవతల ఈ అవ్వ కూడా చిటికెడు మట్టి నోట్లో వేసుకుంటోంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆమె నవ్విన నవ్వు, ఆ మట్టి అంటిన పళ్ళు, నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉన్నాయి. చుట్టూ తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసి, "ఇహా" అంది. అంటే బిడ్డా అని. ఆ రోజునుంచీ ఉత్తరం గోడ మెత్తేటప్పుడు ఆమె ఎడమ పక్క చోటు నాది. కారులో కూర్చుని ఇదంతా చూసిన మా ఆయన ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ, "మట్టి తినడానికా ఇంత దూరం వచ్చింది? మీ అమ్మ తొక్కిన అడుసు చాల్లేదా?" అన్నారు. నేను చేతులు కడుక్కోవడానికి పోయాను. గోళ్ళలో మట్టి మాత్రం ఉంచుకున్నాను.

అలా నాలుగు జూన్లలో అవ్వ నాకు గుడి మొత్తం చూపించింది. పైనుంచి చూస్తే సిలువ ఆకారం. గోడలు నేను చేతులు చాపితే అందనంత మందం, పచ్చి ఇటుకలతో కట్టి, బయట ఒరిగిపోకుండా ఎక్కడికక్కడ మట్టి దిమ్మెలు ఆనించారు, దూరంనుంచి చూస్తే గుడి మోకాళ్ళు ముడుచుకుని పడుకున్న పెద్ద జంతువులా ఉంటుంది. కప్పు అచ్చం మా మిద్దే: దూలాలు, దూలాల మీద సన్న కర్రలు, కర్రల మీద రొట్ట, పైన మట్టి. దూలానికీ గోడకీ మధ్య చెక్కిన కొయ్య దిమ్మలు, ఒక్కొక్కదాని మీదా ఒక్కో తీగ. వాననీళ్ళు గోడకి తగలకుండా దూరంగా పడాలని కప్పునుంచి కొయ్య తూములు. లోపల గోడలకి తెల్ల సుద్ద, గొర్రెతోలుతో రుద్ది నున్నగా చేసేవాళ్ళు. అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం వేసింది వెలుగు. జనం కూర్చునే భాగం కప్పు కన్నా బలిపీఠం మీది కప్పు ఎత్తు చేసి కట్టి, ఆ రెండు కప్పుల మధ్య సందులో అడ్డంగా ఒక కిటికీ పెట్టారు. లోపలికి వచ్చి కూర్చున్నవాళ్ళకి ఆ కిటికీ కనపడదు, వెలుగు మాత్రం సరిగ్గా మరియమ్మ తల్లి పటం మీద పడుతుంది. కరెంటు బల్బు లేని రోజుల్లో అంత తెలివి ఎవడికి వచ్చిందో అని నేనంటే, అవ్వ పైకి చూపించి, గోడ లావుగా ఉంటేనే ఆ కిటికీ నిలబడుతుంది, గోడ ఆరితేనే ఆ లావు చెడకుండా నిలుస్తుంది, మనం ఏటా మెత్తితేనే ఆరుతుంది అని లెక్కగట్టి చెప్పింది. మట్టి గోడ తాగుతుంది, మళ్ళీ వదిలేస్తుంది, దానికి ఊపిరి ఆడాలి. మా అమ్మ కూడా ఇదే మాట అనేది, తెలుగులో.

ఎనభై రెండుకల్లా ఊళ్ళో పడుచువాళ్ళు పనులకోసం పెద్ద ఊళ్ళకి పోయారు. జూన్‌లో నిచ్చెనలెక్కే చేతులు తగ్గిపోయాయి. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు ఏటేటా ఈ తిప్పలెందుకని గుడి కమిటీతో ఆలోచించి, మన గుడికి వచ్చేవాళ్ళలోనే ఇంజనీరు ఉన్నాడు కదా అని మా ఆయన్ని అడిగారు. ఆయన మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. తెల్లవాళ్ళ దేశంలో, పేరు కూడా సరిగ్గా పలకలేని చోట, నలుగురు వచ్చి సలహా అడిగారు మరి. వారం రోజులు కూర్చుని బొమ్మలు గీశారు. గోడకి ఇనప వల కొట్టాలి, దాని మీద సిమెంటు పూత వెయ్యాలి, ఇంక ముప్ఫై ఏళ్ళు ఎవరూ నిచ్చెన ఎక్కక్కర్లేదు. నేను వంటింట్లోంచే, "మట్టిగోడకి సిమెంటు వేస్తే లోపల తడి ఎటు పోద్దండీ?" అని అడిగాను. "ఇది ఎడారి. ఇక్కడ తడెక్కడిది? నువ్వు కూర చూసుకో" అన్నారు. అంతే, చర్చ అయిపోయింది.

పూజ అయ్యాక గుడి పక్క హాల్లో మీటింగు పెట్టారు. మా ఆయన టై కట్టుకుని బొమ్మలు చూపిస్తూ చెప్పారు, అందరూ తలలూపారు. అప్పుడు అవ్వ లేచింది. కర్ర నేలకి ఆనించి స్పానిష్‌లో గట్టిగా నాలుగు మాటలంది, కోడలు తిప్పింది: గోడకి ప్లాస్టిక్ సంచీ తొడుగుతున్నారు, అది లోపల్లోపల కుళ్ళిపోతుంది. ఎవరో వెనకనుంచి, "ఆమెకి జూన్‌లో పెత్తనం పోతుందని బాధ" అని నవ్వారు. అవ్వ వాళ్ళ వంక చూడను కూడా చూడలేదు. చెయ్యి చాపి నన్ను చూపించి, "ఈమెకి తెలుసు. ఈమెని అడగండి" అంది.

హాలంతా నా వైపు తిరిగింది. నాకు తెలుసు. మా అమ్మ చేతుల్లో చూశాను, నా నాలిక మీద చూశాను. ఇంగ్లీషు కూడా ఆ మాత్రం అప్పటికి వచ్చు. నోరు తెరవబోయేలోగా మా ఆయన నవ్వుతూ, "మా ఆవిడ వంట బ్రహ్మాండంగా చేస్తుంది. ఫిఫ్త్ గ్రేడ్ చదివింది. కట్టడాల సంగతి నాకు వదిలెయ్యండి" అన్నారు. అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, ముద్దుగానే నవ్వారు. ఆ ముద్దు నవ్వు చూడండి, దాన్ని మించిన తిట్టు నాకు ఇంతవరకూ తగల్లేదు. నేను తల దించుకుని నా గోళ్ళు చూసుకున్నాను. అవ్వ చాలాసేపు నా వైపే చూసింది, నేను తలెత్తలేదు. ఆమె కూర్చుంది. చేతులెత్తమన్నారు, ఎత్తారు, సిమెంటు గెలిచింది.

ఆ వేసవిలో మనుషులు వచ్చి ముందు పాత మెత్తుడు పొరలు చెక్కేశారు. పొర కింద పొర, ఎన్ని జూన్లో! ఒకచోట అడుగు పొరలో బయటపడ్డ వాళ్ళమ్మ చేతి ముద్రని అవ్వే చూపించింది నాకు, వేళ్ళతో తీసిన అర్ధచంద్రాల వరస. అది సుత్తి దెబ్బకి పెళ్ళలుగా రాలిపోయి చెత్త బండిలో పడింది. వల కొట్టారు, సిమెంటు చిమ్మారు, రంగు వేశారు. చూడ్డానికి కొత్త బిస్కెట్ లాగా ఉంది. అందరూ మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. తర్వాతి జూన్‌లో ఎవరూ రాలేదు, రావాల్సిన పని లేదు కదా. కలిసి తొక్కడం, మధ్యాన్నం చెట్టు కింద బీన్సూ రొట్టెలూ తినడం, అత్తాకోడళ్ళ తగువులు నిచ్చెన మీదే తీర్చుకోవడం, అన్నీ పోయాయి. అవ్వ మాత్రం ప్రతి ఆదివారం పూజకి ముందు ఉత్తరం గోడ దగ్గర ఆగి, అడుగున అరచెయ్యి పెట్టి, వాసన చూసుకుని లోపలికి వచ్చేది. నాతో మాట్లాడటం మానలేదు, అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది. ఎనభై నాలుగు చలికాలంలో ఆమె పోయింది. మట్టి చేసేటప్పుడు నేనూ ఒక పిడికెడు వేశాను. నాలిక మీద వేసుకోవాలనిపించింది, మా ఆయన పక్కన ఉన్నారని ఊరుకున్నాను. చూశారా, అప్పుడు కూడా!

ఆ మరుసటి ఏడు ఉత్తరం గోడ అడుగున సిమెంటు మీద తెల్లగా బూజులాంటిది పొంగింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు! గోడలో నీళ్ళుంటే తప్ప ఉప్పు బయటికి రాదు. కారులో చెప్పాను మా ఆయనకి. "గోడ లోపల నీళ్ళున్నాయండీ, ఎక్కడో సన్నటి పగులు ఉంది, లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావట్లేదు." ఆయన, "గోడలు నాకడం మానవా నువ్వు?" అన్నారు. రెండోసారి కూడా నేను ఊరుకున్నాను. ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళొచ్చు, అవ్వ కోడలికి చెప్పొచ్చు. మొగుడి మాట నలుగురిలో కొట్టెయ్యడం ఎలాగని ఊరుకున్నాను. ఈ కోపంలో నా వాటా ఎంతో నాకు తెలుసు, అందుకే ఇది ఆరదు.

ఎనభై ఆరు ఆగస్టు వానల్లో, ఒక శనివారం మధ్యాన్నం, బలిపీఠం పక్క ఉత్తరం మూల కూలిపోయింది. లోపల ఎవరూ లేరు, అది దేవుడి దయ. మేం వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది. సిమెంటు పలక పలకలాగే ఒరిగి నిలబడి ఉంది, దాని వెనక గోడ లేదు. మిగిలిన గోడకి మా ఆయన సుత్తితో ఒక దెబ్బ వేశారు, సిమెంటు పగిలి అందులోంచి మట్టి జావలాగా ఆయన బూట్ల మీదికి కారింది. రెండు వందల ఏళ్ళు నిలబడిన గోడ నాలుగేళ్ళలో జావ అయింది. పైన రెండు కప్పుల మధ్య కిటికీ విరిగి వేలాడుతోంది. మరియమ్మ తల్లి పటం మీద, ఎప్పుడూ సన్నటి చారలా పడే వెలుగు, ఆ రోజు కూలిన మూలనుంచి భళ్ళున పడింది. నేను ఆ వెలుగుని చూడలేకపోయాను.

ఆయన ఏమంటారా అని ఇంటిదాకా ఎదురుచూశాను. ఇంటి ముందు కారు ఆపి, స్టీరింగు మీద చేతులుంచి, "నువ్వు అప్పుడే కాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది" అన్నారు.

చదువుతున్నారా? గట్టిగా చెప్పి ఉండాల్సిందట! ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, మంచి మనిషి, నన్ను ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు, పిల్లల్ని పైకి తెచ్చారు. ఏటా ఆయన సమాధి మీద పూలు పెడతాను. పెట్టేటప్పుడు ఆ మాట గుర్తొస్తే పూలు కొంచెం విసురుగానే పడతాయి.

మళ్ళీ అదే హాల్లో మీటింగు. మట్టితోనే తిరిగి కట్టాలన్నారు, మట్టి సంగతి ఎవరికి తెలుసన్నారు. ఈసారి ఎవరూ చూపించకుండానే నేను లేచాను. ఐదు వేళ్ళూ పైకెత్తి, "నాకు తెలుసు. ఫిఫ్త్ గ్రేడ్" అన్నాను. ఈసారి నవ్వలేదు ఎవరూ. మూడు వేసవులు పట్టింది. మా ఆయన ప్రతి శనివారం వచ్చి తను వేయించిన సిమెంటుని తనే సుత్తితో, ఉలితో చెక్కారు. గుంటలోకి మాత్రం దిగలేదు. అవ్వ కోడలు నా ఎడమ పక్కన నిలబడి మెత్తడం నేర్చుకుంది. మూల మళ్ళీ లేచింది, కిటికీ మళ్ళీ నిలబడింది. కానీ చెత్త బండిలో పోయిన ఆ వేళ్ళ ముద్రలు ఏ వేసవి తెస్తుంది?

తర్వాత ఉద్యోగం మారి మేం డాలస్ వైపు వచ్చేశాం. ఆ గుడి ఇప్పటికీ ఉందట, జూన్‌లో పదిమంది మెత్తుతుంటే నూరుమంది ఫోటోలు తీస్తారట. మా మార్కాపురంలో మిద్దెలన్నీ స్లాబులైపోయాయి, చౌడు ఎక్కడ దొరుకుతుందో చెప్పే మనిషే లేదంటారు. గోడని ఏడాదికి ఒకసారి ఒళ్ళంతా తడిమి, ఎక్కడ నొప్పో కనుక్కునే రోజులు పోయి, గోడంటే ఫోన్లో చూసి లైక్ కొట్టే బొమ్మ అయింది. మేం చేసుకున్నదే ఇదంతా, సిమెంటుకి చేతులెత్తినవాళ్ళమూ మేమే, చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్ళమూ మేమే.

క్లబ్‌హౌస్ దగ్గర నేను గోడ కొట్టి, ఇది ఉత్త డొల్ల అని గొణుక్కుంటుంటే మా మనవరాలు, "నీకెలా తెలుసు నాయనమ్మా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది నాకు. అక్కడే మెట్ల మీద కూర్చుని మా అమ్మ సంగతీ, అవ్వ సంగతీ, గోడ అడుగున అరచెయ్యి పెట్టి ఎలా చూడాలో అంతా చెప్పాను. ఆ పిల్ల వెళ్ళి గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"ఏం తెలీట్లేదు నాయనమ్మా, ఇట్స్ నాట్ సేయింగ్ ఎనీథింగ్."

"చెప్పదమ్మా" అన్నాను. "ఆ గోడని ఒక్క మనిషి కూడా అరచేత్తో తాకలేదు. నువ్వే మొదటిదానివి."